పెద్ద డాలర్ల డబ్బా అమ్మే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. డల్లాస్‌లో మీ వీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మినప్పుడు నువ్వు కొన్న డబ్బాలో ముప్ఫై రెండు ఐసెన్‌హోవర్ డాలర్లు ఉన్నాయనీ, ఏది ఎంత పలుకుతుందో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. న్యూజెర్సీకి వచ్చినప్పటి నుంచి ఈ నాణేలను పోగు చేస్తూ, డబ్బు పోగొట్టుకుంటూ నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: వాటిలో దేనినీ కడగవద్దు, తుడవవద్దు. ఇంట్లో వెండి కుంకుమ భరిణెలను విభూతితోనూ, రాగి చెంబులను చింతపండుతోనూ తోమడం చూస్తూ పెరిగిన మనకు, మసకబారిన లోహం కనబడితే చేతులు ఊరుకోవు. అంచు చుట్టూ నీలంగా, మధ్యలో లేత బంగారు రంగుగా మారిన ఒక వెండి డాలరును నేను కూడా అలాగే విభూతితో తళతళలాడేలా రుద్ది, ఎంతో గర్వంగా ఒక నాణేల వ్యాపారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన దానిని దీపం కింద ఒక్కసారి తిప్పి, ఒకే వైపుకు సాగిన సన్నటి గీతలను నాకు చూపించి, ఏమీ అనకుండా కరిగించడానికి పక్కన పెట్టే వెండి నాణేల ట్రేలో పెట్టాడు. ఆ రంగు ఉన్నందుకే దానికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చేవని నాకు అప్పటికి తెలియదు.

ఇక విలువ సంగతి. 1971 నుంచి 1978 వరకు అచ్చయిన ఈ నాణెం మీద ఒకవైపు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తల, రెండోవైపు (1776–1976 అని రెండు సంవత్సరాలు ఉన్నవాటిలో తప్ప) అపోలో 11 యాత్ర చిహ్నాన్ని అనుసరించి చంద్రుడి మీద వాలుతున్న గద్ద ఉంటాయి. రెండింటినీ రూపొందించినవాడు ఫ్రాంక్ గాస్పారో. వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. చేతిలోకి తీసుకోగానే ఇంత పెద్ద నాణెం కచ్చితంగా వెండిదే అయి ఉంటుందనిపిస్తుంది కానీ, చలామణిలోకి వదిలినవన్నీ రాగి మీద రాగి, నికెల్ మిశ్రమపు పొర వేసినవే. అంచును చూస్తే రాగి చార కనిపిస్తుంది, తూకం 22.68 గ్రాములు ఉంటుంది. నలభై శాతం వెండి ఉన్నవి శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో సేకర్తల కోసమే తయారయ్యాయి. వాటి మీద ఎస్ అక్షరం ఉంటుంది, బరువు 24.59 గ్రాములు. అయితే అదే టంకశాల వెండి లేని ప్రూఫ్ నాణేలను (సేకర్తల కోసం ప్రత్యేకంగా మెరిసేలా అచ్చు వేసినవాటిని) కూడా తయారు చేసింది కనుక అక్షరాన్ని బట్టి కాక తూకాన్ని బట్టి నిర్ణయించు. వెండి నాణెంలో అసలు వెండి 9.84 గ్రాములు, అంటే ఇప్పటి లెక్కలో తులానికి కాస్త తక్కువ. నాణెం ధర ఆ వెండి విలువకన్నా కిందికి దిగదు. డి అక్షరం ఉన్న 1974 నాణేలను కూడా తప్పకుండా తూచు, ఎందుకంటే డెన్వర్ టంకశాలలో పొరపాటున వెండి బిళ్ళల మీద అచ్చయినవి కొన్ని బయటపడ్డాయి, వాటికి మంచి ధర పలుకుతుంది.

ఎన్ని అచ్చు వేశారన్న లెక్క చూసి మోసపోవద్దు. 1973లో ఫిలడెల్ఫియా, డెన్వర్ నాణేలను చలామణికి వదలలేదు. సేకర్తల సెట్లలో మాత్రమే అమ్మారు, ఒక్కొక్కటి సుమారు 17 లక్షల 69 వేలు అమ్ముడుపోయాయి. వినడానికి తక్కువే కానీ, కొన్నవాళ్ళందరూ వాటిని భద్రంగా దాచారు కనుక చక్కని స్థితిలో సులువుగా దొరుకుతాయి. 1971లో ఫిలడెల్ఫియాలో 4 కోట్ల 77 లక్షలకు పైగా అచ్చు వేశారు; మచ్చ లేనిది కావాలంటే మాత్రం ఏళ్ళ తరబడి వెతకాలి. వెయ్యేసి నాణేలను ఒకే సంచిలో పోసి తరలించడంతో, ఇంత బరువైనవి ఒకదానికొకటి కొట్టుకుని, ఐసెన్‌హోవర్ చెంప మీదా దవడ మీదా గాట్లు పడ్డాయి. కాబట్టి తేదీ చూడక ముందే చెంప చూడు. ఒకే ఒక దీపం కింద, నాణేన్ని అంచులతో పట్టుకుని నెమ్మదిగా వంచుతూ ఉంటే, సూటిగా చూసినప్పుడు కనబడని గాట్లన్నీ బయటపడతాయి.

1972 ఫిలడెల్ఫియా నాణేలు ఉన్నాయన్నావు కనుక గద్ద తల పైన, ఎడమ పక్కన ఉన్న భూగోళాన్ని భూతద్దంతో చూడు. ఆ ఏడాది మూడు రకాల అచ్చులు వాడారు. మొదటి రకంలో భూమి ఎడమ పైభాగాన కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది. మూడో రకంలో గుండ్రంగా ఉండి, ఫ్లోరిడా కింద ద్వీపాలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండో రకంలో భూమి గుండ్రంగానే ఉన్నా ద్వీపాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఆ రెండో రకమే అరుదైనది. అరిగిపోయిన నాణేన్ని చూసి రెండో రకమని సంబరపడినవాళ్ళు చాలామంది, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

1776–1976 అని రెండు సంవత్సరాలు ఉన్నవాటిలో వెనుక అక్షరాలు లావుగా ఉన్నది మొదటి రకం. రాగి నికెల్ నాణేలలో అది శుభ్రంగా దొరకడం కష్టం. 1975 తేదీతో డాలరు అచ్చు కాలేదు, ఎవరైనా చూపిస్తే కొనకు.

నాణేలను పరీక్షించే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేనికి దాని స్థితిని బట్టి 70 వరకు అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. మామూలు నాణేనికి ఆ రుసుమే దాని ధరను మించిపోతుంది కనుక అన్నింటినీ పంపే పని పెట్టుకోకు. కొనేటప్పుడు కూడా ఒకే అంకె వేసిన రెండింటిలో చెంప శుభ్రంగా ఉన్నదానినే ఎంచుకో. పీవీసీ అనే ప్లాస్టిక్ సంచులు నాణేల మీద ఆకుపచ్చటి జిగురు తేలుస్తాయి, అందుకని వాటిని వెంటనే మార్చు.

ప్రస్తుతానికి 1972 నాణేలను పక్కన పెట్టి, భూగోళం మాత్రమే దగ్గరగా కనిపించేలా ఫొటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా ఆ డబ్బాను ఎవరికీ బేరానికి పెట్టకు.

ఇట్లు,
పెదనాన్న