అమ్మానాన్నలతో కలిసి ఉండే ఇల్లు: డాలస్ వైపు కొనేముందు చూసుకోవాల్సినవి

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు కొత్త ఇల్లు బుక్ చేసుకునే మనవాళ్లు బిల్డర్ ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న ఈస్ట్ ఫేసింగ్ ఉందా అని. తర్వాత స్కూల్ రేటింగ్, ఆ తర్వాత మీడియా రూమ్. అమ్మానాన్నల సంగతి వచ్చేసరికి "కింద గెస్ట్ రూమ్ ఒకటుందిగా, సరిపోతుందిలే" అనేస్తారు. వారం రోజులుండి వెళ్లే చుట్టానికి సరిపోయే గదిలో ఆరు నెలలు కాపురం చేయమంటే ఎవరికైనా కష్టమే. వాళ్లు ఇక్కడ కారు తీయలేరు, చెప్పాపెట్టకుండా పక్కింటికి వెళ్లి కూర్చోలేరు. రోజులో ఎక్కువ భాగం గడిచేది ఆ గదిలోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు తరాలు ఒకే కప్పు కింద చిరాకుల్లేకుండా ఉండాలంటే పెద్ద హాలు కన్నా, పన్నెండు మంది పట్టే డైనింగ్ టేబుల్ కన్నా ముఖ్యమైనవి కొన్నున్నాయి. పెద్దవాళ్లు ఎవర్నీ అడక్కుండా కాఫీ పెట్టుకోగలగాలి, ఏసీ తగ్గించుకోగలగాలి, తలుపు తీసుకుని బయటికెళ్లి రాగలగాలి. కలిసి భోంచేయడం, కలిసి టీవీ చూడడం ఎలాగూ జరుగుతాయి, వాటికి ఆర్కిటెక్ట్ అక్కర్లేదు.

ప్లాన్లు తిరగేసేముందు వాళ్లు ఏ వీసా మీద, ఎంతకాలం ఉంటారో తేల్చుకోండి. విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఒక్కో రాకకు ఆరు నెలలు ఇస్తారు. ఐ-539 ఫారం వేసి పొడిగింపు అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం ఇమిగ్రేషన్ వాళ్లిష్టం. తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు వేయాలంటే మీరు సిటిజన్ అయి ఉండాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి. మీకు గ్రీన్‌కార్డు ఉన్నంత మాత్రాన వేయడం కుదరదు. ఇండియాలో పుట్టి ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు) క్యూలో నిలబడ్డవాళ్లకి ఆ రోజు ఎంత దూరంలో ఉందో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు విడి గుమ్మం, చిన్న వంటగది అంటూ ఇప్పుడే డబ్బు తగలేయకండి. తర్వాత మార్చలేని వాటి మీద పెట్టండి. పేరెంట్స్ గ్రీన్‌కార్డు దాకా వచ్చినవాళ్ల లెక్క వేరు.

తర్వాత మార్చలేనిది ముందుగా స్లాబ్, అంటే ఇల్లు నిలబడే కాంక్రీటు నేల. ఇక్కడ బేస్‌మెంట్లు ఉండవు. చాలా కొత్త ఇళ్లు పోస్ట్-టెన్షన్ స్లాబ్ మీద లేస్తాయి, అంటే కాంక్రీటు లోపల స్టీలు కేబుళ్లు లాగి బిగించి ఉంటాయి. పూర్తయిన ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గరాజ్ నేల వంక చూడండి, కోయొద్దు, డ్రిల్ చేయొద్దు అని హెచ్చరిస్తూ ఓ ముద్ర కనిపిస్తుంది చాలా చోట్ల. రేపెప్పుడో బాత్రూమ్ డ్రెయిన్ జరపాలంటే ముందు ఆ కేబుళ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయించి, ఆపైన కోయించాలి. అందుకే కింద ఫుల్ బాత్ (స్నానానికి చోటున్న బాత్రూమ్) ఎక్కడ రావాలి, షవర్‌కి గట్టు ఉండాలా వద్దా అన్నవి కాంక్రీటు పోయకముందే తేలిపోవాలి. బిల్డర్లు వీటిని స్ట్రక్చరల్ ఆప్షన్లు అంటారు, కాంట్రాక్ట్ రాసుకునేటప్పుడే ఎంచుకోవాలి. డిజైన్ సెంటర్‌కి పిలిచేనాటికి మీ చేతిలో మిగిలేవి టైల్స్, కౌంటర్‌టాప్ రంగులే.

చాలా ప్లాన్లలో కింద మాస్టర్ బెడ్‌రూమ్, స్టడీ, ఒక హాఫ్ బాత్ (కమోడ్, సింకు మాత్రమే) ఉంటాయి. స్టడీ బదులు బెడ్‌రూమ్, ఫుల్ బాత్ తీసుకునే ఆప్షన్ ఉంటే మీడియా రూమ్ వదులుకునైనా అది తీసుకోండి. ఆ గది తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకుంటే అమ్మ అర్ధరాత్రి మంచినీళ్లకి లేచినా అందరికీ తెలుస్తుంది. మధ్యలో చిన్న నడవా ఉన్న ప్లాన్ మేలు. మంచం కాక రెండు కుర్చీలు, ఒక టీవీ పట్టాలి. కాస్త ఖర్చు పెట్టగలిగితే లెన్నార్ అనే బిల్డర్ 2011 నుంచి నెక్స్ట్ జెన్ పేరుతో ఇంట్లోనే చిన్న ఇల్లు కడుతోంది: విడి గుమ్మం, చిన్న ముందుగది, వంటకి చిన్న గట్టు, బెడ్‌రూమ్, బాత్రూమ్, అసలు ఇంట్లోకి ఒక తలుపు. మిగతా బిల్డర్ల దగ్గరా ఇలాంటివి దొరుకుతున్నాయి. రేపు అమ్మితే ఎవరు కొంటారని టెన్షన్ పడక్కర్లేదు. 2021లో అమెరికాలో దాదాపు 6 కోట్ల మంది, అంటే జనాభాలో 18 శాతం, ఇలా తరాలు కలిసిన ఇళ్లలో ఉన్నారని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ లెక్క తేల్చింది.

బాత్రూమ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం అక్కడ ఎక్కువ.

బిల్డర్ మామూలుగా కింద బాత్రూమ్‌లో టబ్ పెట్టి దాని మీదే షవర్ బిగిస్తాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి తడి కాలితో అడుగు, అడుగున్నర ఎత్తు గోడ దాటాలి. టబ్ తీసేసి షవర్ అడగండి. స్లాబ్ దగ్గరే ఆ మేర పల్లం చేస్తే గట్టు కూడా ఉండదు. మనవాళ్లు టబ్‌ని ఎందుకు వదులుకోరంటే దానికి కింద పంపు ఉంటుంది, బకెట్ నింపుకోవచ్చు. షవర్‌కి ఆ పంపు ఉండదు. మా అమ్మకి నెత్తిమీద జల్లులా పడే నీళ్లు స్నానంలా అనిపించవు. బకెట్, చెంబు, కూర్చోడానికి పీట ఉంటేనే స్నానం. దానికి మార్గం తేలికే. పొడుగాటి గొట్టం ఉన్న హ్యాండ్ షవర్ పెట్టించండి, లేదా ప్లంబింగ్ జరుగుతున్నప్పుడే షవర్ గోడకి బకెట్ పట్టే ఎత్తులో ఒక పంపు వేయించండి. పీట జారుతుంది, గోడకు కట్టిన బెంచీ జారదు. ఇంకో సంగతి వాళ్లు దిగిన రోజే చెప్పండి. ఇక్కడి ఇళ్లలో షవర్ బయట నేలకి నీళ్లు పోయే దారి ఉండదు. మన అలవాటు ప్రకారం కడుగుదామని బకెట్ నీళ్లు గుమ్మరిస్తే అవి గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు పట్టీ కిందికి పోయి గోడ ఉబ్బుతుంది.

పట్టుకోడానికి గోడకి గ్రాబ్ బార్లు కావాలి. ఒట్టి డ్రైవాల్‌కి (జిప్సం పలక గోడకి) స్క్రూలు వేస్తే మనిషి బరువుకి ఊడి చేతికొస్తాయి. ప్రమాణాల ప్రకారం ఆ బార్ 250 పౌండ్లు ఓర్చుకోవాలి, నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. అందుకు గోడ లోపల నిలువు చెక్కల (స్టడ్ల) మధ్య అడ్డంగా చెక్క కొట్టాలి, బ్లాకింగ్ అంటారు. చెక్కకయ్యే ఖర్చు చాలా తక్కువ. కమోడ్ పక్కన, వెనక, షవర్‌లో రెండు గోడలకి కొట్టమని బిల్డర్‌ని ముందే రాతపూర్వకంగా అడగండి. గోడలు మూయకముందు చూపించే ప్రీ-డ్రైవాల్ వాక్‌కి వెళ్లినప్పుడు ఒక్కో గోడకీ టేపు ఆనించి, అంకెలు కనపడేలా ఫొటో తీసి పెట్టుకోండి. బార్లు ఇప్పుడే బిగించక్కర్లేదు. బిగిస్తే నాన్నగారు "నాకేమైందని ఇవన్నీ" అంటారు. చెక్క లోపల ఉంటే, అవసరమైన రోజున గంటలో పని అయిపోతుంది.

తలుపులు గదికి, బాత్రూమ్‌కి 36 అంగుళాలవి అడగండి. వీల్‌చెయిర్ పట్టాలంటే తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ ఉండాలి, లోపల తిరగాలంటే 5 అడుగుల జాగా కావాలి. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తుది తీసుకుంటే లేవడం సులువు. దాని పక్కన గోడకి ఒక ప్లగ్ పాయింట్ కూడా వేయించండి. జనవరిలో హెల్త్ ఫాసెట్ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఒకసారి రుచి చూశాక వేడినీళ్ల బిడే సీటు కొనక తప్పదు, దానికి కరెంటు కావాలి.

వంటగది సంగతి. అత్తాకోడళ్ల గొడవలన్నీ వంటింట్లో మొదలవుతాయని ఊరికే అనలేదు. అయితే ఇక్కడ అసలు చిక్కు ఇంగువ తాలింపు వేయగానే స్మోక్ అలారం కుయ్యిమనడం. చాలా ఇళ్లలో స్టవ్ మీద మైక్రోవేవ్‌కే ఫ్యాన్ ఉంటుంది. కొన్నిట్లో అది పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి తిప్పి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. గోడలోంచి గొట్టం వేసి బయటికి పంపే హుడ్ అడగండి. 400 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) దాటిన హుడ్‌కి, ఆ పోయిన గాలికి బదులు బయటి గాలి వచ్చే ఏర్పాటు కూడా కోడ్ ప్రకారం చేయాల్సి రావచ్చు. బిల్డర్‌ని ముందే అడగండి.

పెద్దవాళ్ల వైపు రెండో వంటగది పెట్టాలనుకుంటే సిటీ రూల్స్ చూడాలి. పూర్తి స్థాయి స్టవ్ పెడితే దాన్ని రెండో ఇల్లుగా లెక్కేసే చోట్లు ఉన్నాయి. పైన హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ ఒకటి. నా మటుకు సింకు, చిన్న ఫ్రిజ్, విడిగా 20 ఆంపియర్ల లైను మీద ఒక ప్లగ్ చాలు. దానికి ఇండక్షన్ స్టవ్ తగిలించుకోవచ్చు. తెల్లవారుజామున 4 గంటలకి లేచి కాఫీ పెట్టుకునే మనిషికి అంతకన్నా ఏం కావాలి? గ్యాస్ మంట లేదన్న నిశ్చింత కూడా. ఇండియా నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ మాత్రం దాని మీద వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే స్టీలు అడుగుది కావాలి. అసలు వంటింట్లో గ్యాస్ లైను ఉంచుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు అగ్గిపుల్లతో వెలిగే స్టవ్ ఉన్నవాళ్లే వేడన్నం తిన్నారు.

ఇంట్లో రోజూ జరిగే యుద్ధం థర్మోస్టాట్ దగ్గర. మీకు 72 ఫారెన్‌హీట్ హాయి, నాన్నగారికి 78 దగ్గర కూడా స్వెట్టర్ కావాలి. రెండంతస్తుల ఇళ్లలో తరచుగా పైకి ఒకటి, కిందికి ఒకటి థర్మోస్టాట్ ఉంటుంది. వాళ్ల గది మీ హాలుతో కలిసి కింది జోన్‌లో పడుతుంది. ఆ గదిని వేరే జోన్ చేయమని అడగండి, కుదరకపోతే తర్వాత ఆ గదికి విడిగా మినీ స్ప్లిట్ ఏసీ పెట్టించుకోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ తప్పనిసరి, అది తిరగకపోతే మనవాళ్లకి నిద్ర పట్టదు.

చప్పుడు గురించి ఎవరూ ఆలోచించరు. ఇండియాకి మనకి ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. బంధువులతో వాళ్ల ఫోన్లు, సీరియళ్లు, సుప్రభాతం అన్నీ మీ మీటింగులకో, పిల్లల నిద్రకో అడ్డొస్తాయి. మీ మీటింగుల వల్ల వాళ్లూ గుసగుసలాడుతూ బతకాలి, అది ఇంకా అన్యాయం. లోపలి గోడల్లో ఇన్సులేషన్, బోలు తలుపు బదులు సాలిడ్ కోర్ తలుపు అడిగితే చాలావరకు తీరిపోతుంది.

పూజగది ఎక్కడ వస్తే అక్కడ పెట్టుకోండి గానీ కార్పెట్ మీద, స్మోక్ అలారం కింద వద్దు. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లని నేను తప్పుపట్టను. కానీ తూర్పు గుమ్మం కోసం కింద బెడ్‌రూమ్ లేని ఇల్లు కొని, ఎనభైకి దగ్గరైన మనిషిని రోజూ మెట్లెక్కించడం ఏ వాస్తు? వియ్యంకులు ఇద్దరు జంటలూ ఒకేసారి దిగే సందర్భం కూడా వస్తుంది, ముఖ్యంగా డెలివరీ సమయంలో. కింది గది ఎవరికి అన్నది వాళ్లు రాకముందే భార్యాభర్తలు తేల్చుకోండి. ఎవరి మోకాళ్లు బాగాలేకపోతే వాళ్లకి అన్నది ఎవరూ కాదనలేని లెక్క. టోర్నడో సైరన్ మోగితే మాత్రం అందరూ కిందే, కిటికీలు లేని గదిలో ఉండాలి. మెట్ల కింద అల్మారా ఖాళీగా ఉంచండి, సూట్‌కేసులతో నింపకండి.

ఇక బయట. మన ఊళ్లలో ఇంటి ముందు అరుగు ఉంటే, ఎక్కడికీ వెళ్లకుండానే నాన్నగారికి పదిమంది కనపడేవాళ్లు. ఇక్కడి ఇళ్లు వీధికి గరాజ్ చూపించి, కూర్చునే చోటు వెనక కంచె లోపల పెడతాయి. ముందు వైపు రెండు కుర్చీలు పట్టే పోర్చ్ ఉన్న ఎలివేషన్ (ఇంటి ముందు రూపు) దొరికితే తీసుకోండి. సైడ్‌వాక్, నడిచి వెళ్లే దూరంలో పార్కు, వీలైతే చెరువు చుట్టూ ట్రెయిల్ ఉన్న కమ్యూనిటీ అయితే సాయంత్రానికల్లా తెలుగు పెద్దలు అక్కడే కలుస్తారు. వారంలో ఒకసారి ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడికి మీరు తీసుకెళ్తారు సరే, మిగతా ఆరు రోజులు వాళ్ల కాళ్ల మీదే గడవాలి. దక్షిణం వైపు ఎండ పడే కిటికీ దగ్గర కాస్త నేల వదలండి. నవంబరు నుంచి తులసి, కరివేపాకు కుండీలు అక్కడికి చేరతాయి.

చివరిగా డబ్బు మాట. ఊళ్లో స్థలం అమ్మి డౌన్ పేమెంట్‌కి పంపుతామని నాన్నగారు అంటే, ఇండియా నుంచి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. బ్యాంకు టీసీఎస్ (ముందుగా పట్టుకునే పన్ను) పట్టుకుంటే అక్కడి రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్ట్ వస్తే మీరు ఇక్కడి పన్ను శాఖకి (ఐఆర్ఎస్) ఫారం 3520 వేయాలి. పన్ను పడదు, వేయకపోతే పెనాల్టీ గట్టిగా పడుతుంది. డబ్బిచ్చారు కదా అని, లేదా 65 దాటిన ఓనర్లకి టెక్సస్‌లో స్కూల్ ట్యాక్స్ పెరగకుండా ఆగుతుందని విని, వాళ్ల పేరు డీడ్‌లో (ఇంటి దస్తావేజులో) పెట్టేయకండి. ఆ మినహాయింపు ఇల్లు తమదై, అందులోనే స్థిరంగా ఉండేవాళ్లకి. అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయుడి పేరున ఇక్కడ ఉన్న ఆస్తికి ఎస్టేట్ ట్యాక్స్ (మనిషి పోయాక ఆస్తి మీద పడే పన్ను) మినహాయింపు 60,000 డాలర్లే. ఇది క్లోజింగ్ (ఇల్లు మీ పేరున రాసే) రోజున టైటిల్ కంపెనీలో కూర్చుని ఆలోచించే విషయం కాదు, కాంట్రాక్ట్‌కి ముందే ఒక సీపీఏకి (పన్నుల అకౌంటెంట్‌కి) ఫీజు కట్టి అడగండి.