పౌడర్ కోటింగ్ ఓవెన్: కరెంటా, గ్యాసా అనే ముందు చూడాల్సిన లెక్క

గేట్లు, ప్యానెల్ బాక్సులకు పౌడర్ కోటింగ్ (ఇనుము మీద పొడి రంగు చల్లి ఓవెన్‌లో కరిగించి గట్టిపరిచే పూత) షెడ్డు పెడుతున్నానన్నారు. ఓవెన్ 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 7 ఎత్తు, 24 కిలోవాట్ల హీటర్లు చాలని తయారీదారు చెప్పాడు, కరెంటు మేలా గ్యాసు మేలా అని మీ ప్రశ్న. దానికంటే ముందు ఆ 24 ఎలా వచ్చిందో ఆయన్ని అడగండి. చాలామంది ఓవెన్ సైజు చూసి హీటర్లు చెప్పేస్తారు, లోపలికి వెళ్లే ఇనుము బరువు అడగరు.

పౌడర్ పెట్టె మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని ఉంటే అది ఇనుము వేడి, గాలి వేడి కాదు. విడతకు సరుకు 300 కిలోలు, ట్రాలీ 100 కిలోలు అనుకుందాం. కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.5 కిలోజౌల్ కావాలి. 30 నుంచి 200 దాకా 170 డిగ్రీలు. 400 × 0.5 × 170 = 34,000 కిలోజౌళ్లు, అంటే సుమారు 9.4 యూనిట్లు (కిలోవాట్-గంటలు). 20 నిమిషాల్లో ఎక్కాలంటే ఒక్క ఇనుముకే 28 కిలోవాట్లు. గోడల్లోంచి, తలుపు తీసినప్పుడు, పొగగొట్టంలోంచి పోయే వేడి కూడా ఉంటుంది కాబట్టి 40 దగ్గర పెట్టుకోండి. 24తో అరగంట పైనే పడుతుంది. ఈలోపు గాలి వేడిని చూపే డిస్‌ప్లేలో 200 కనబడిందని టైమర్ నొక్కేస్తే మందం సరుకు పచ్చిగానే బయటికొస్తుంది. చూడ్డానికి నిగనిగలాడుతుంది, అక్కడే మోసపోతాం. మేకుతో గీరితే పెచ్చులుగా లేస్తుంది. అందుకే 1.2 మిల్లీమీటర్ల రేకు బాక్సులనీ 10 మిల్లీమీటర్ల ప్లేట్లనీ ఒకే ట్రాలీలో కలపకండి. ప్లేటు ఉడికేసరికి రేకు మీద తెలుపు పసుపు తిరుగుతుంది.

ఇక ఇంధనం. కిలో ఎల్‌పీజీలో సుమారు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది, హీట్ ఎక్స్ఛేంజర్ (పొగ కలవకుండా వేడిని మాత్రం ఓవెన్ గాలికి అందించే గొట్టాల అమరిక) గుండా వెళ్తే చేతికొచ్చేది దాదాపు 10. మీ దగ్గర 10 యూనిట్ల కరెంటు ధరనీ కిలో గ్యాసు ధరనీ పక్కపక్కన పెట్టి చూడండి, కరెంటు వైపు అదనపు లోడుకు కట్టే డిమాండ్ ఛార్జీ మరవకండి. తెలుపు, లేత రంగులు ఎక్కువుంటే మంట గాలి నేరుగా సరుకును తాకే బర్నర్ వద్దు, ఆ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు తెలుపు మసకబారుతుంది. డీజిల్ అయితే ఎక్స్ఛేంజర్ లేకుండా అసలు వద్దు, మసి పడుతుంది.

కట్టుబడిలో: గోడల్లో వేడి పోకుండా నింపే రాక్‌వూల్ (రాతి నార) మందం కనీసం 100 మిల్లీమీటర్లు. లోపలి రేకు 10 అడుగుల మీద 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది, అంతా గట్టిగా వెల్డు చేస్తే ఉబ్బిపోతుంది, జారే జాయింట్లు అడగండి. బ్లోయర్ మోటారు బయటే ఉండాలి, బ్లోయర్ ఆగితే హీటర్లు వాటంతట అవే ఆగాలి. గాలి సూటిగా సరుకు మీద కొట్టకూడదు, కరగని పౌడర్ ఎగిరిపోతుంది. తలుపు సీలుకు గ్లాస్‌ఫైబర్ తాడు వాడించండి. సిలికాన్ పేస్టు దగ్గరికి రానివ్వకండి, కోటింగ్‌లో చేపకళ్ల లాంటి గుంటలు పడతాయి.

డబ్బు పూర్తిగా చెల్లించే ముందు నిండు లోడుతో ట్రయల్ వేయించండి. నాలుగు మూలలా, పైనా కిందా, మధ్యలో కలిపి తొమ్మిది చోట్ల థర్మోకపుల్స్ (వేడిని కొలిచే తీగలు) పెట్టించండి, ఒకటి మాత్రం అన్నిటికంటే మందంగా ఉన్న ప్లేటుకు బోల్టుతో బిగించి. తొమ్మిదీ 200కి 5 డిగ్రీలు అటూ ఇటూగా నిలవాలి. తలుపు దగ్గర కింది మూలే ఎక్కువగా చల్లగా దొరుకుతుంది, అక్కడ వేడి గాలి వచ్చే డక్టు రంధ్రాలు పెద్దవి చేయించండి.

ఇదే ఓవెన్‌లో థిన్నర్ కలిపిన పెయింటు ఆరబెట్టాలని మాత్రం ఎప్పుడూ చూడకండి. ఆ ఆవిరికి వేరే ఎగ్జాస్ట్, పేలితే ఒత్తిడిని బయటికి వదిలే ప్యానెల్ ఉండాలి. లేకపోతే ప్రాణాలకే ప్రమాదం.