కొత్త బ్రేక్ డిస్కులు వేసినా ఐదారు వేల కిలోమీటర్లకే బ్రేక్ తొక్కితే స్టీరింగ్ మళ్లీ ఎందుకు వణుకుతుంది?

"డిస్క్ వంగింది" అంటారు గానీ, నిజంగా వంగేది అరుదు. ఎక్కువగా దొరికేది మందంలో తేడా. హబ్ (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం) ముఖం మీద తుప్పు పొర ఉంటే కొత్త డిస్క్ కూడా కాస్త వాలుగా కూర్చుంటుంది. అప్పుడు బ్రేక్ వేయకపోయినా ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుని అక్కడ పలచబడుతుంది. అందుకే వణుకు మొదటి రోజే రాదు, వేల కిలోమీటర్లు తిరిగాక వస్తుంది.

బ్రేక్ వేయకుండానే వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడండి. బ్రేక్ వేసినప్పుడే అయితే డిస్క్‌ని నట్లతో హబ్‌కి బిగించి, అంచుకి 10 మి.మీ. లోపల డయల్ గేజ్ (సన్నని ఊగును కొలిచే ముల్లు మీటర్) పెట్టి తిప్పండి. చాలా కార్లకు ఈ ఊగు 0.05 మి.మీ. దాటితే అనుమానించాల్సిందే, కచ్చితమైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది. మైక్రోమీటర్‌తో ఎనిమిది చోట్ల మందం కొలవండి. 0.02 మి.మీ. తేడా కూడా పెడల్‌లో తెలుస్తుంది.

డిస్క్ మార్చే ముందు హబ్‌ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. వాలు ఇంకా ఉంటే డిస్క్‌ని ఒక రంధ్రం జరిపి మళ్లీ కొలవండి. తగ్గకపోతే హబ్, బేరింగ్ చూడాలి. క్యాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులు చేత్తో తోస్తే జారాలి.

అసలు దోషి చాలాసార్లు పంక్చర్ షాపులోని ఎయిర్ గన్, నట్లను ఎక్కువతక్కువగా బిగించి డిస్క్‌ని వాలుస్తుంది. నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా)తో, మాన్యువల్ చెప్పినంతే బిగించండి. తిరుమల లాంటి ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్ వాడండి. బాగా వేడెక్కిన బ్రేక్‌ని ఆగాక తొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ పదార్థం అక్కడే అంటుకుంటుంది.