కొండ ఎక్కేటప్పుడు లేని వణుకు దిగేటప్పుడు ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం, నాకు 54 ఏళ్లు. పోయిన నెల ఇంద్రకీలాద్రి మెట్ల దారిన వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకున్నా. ఎక్కేటప్పుడు కాస్త ఆయాసం తప్ప ఏం లేదు, దిగేటప్పుడు మాత్రం తొడల ముందు భాగం గడగడా వణికింది, మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయా, నాలుగు రోజులకి తగ్గింది. మోకాళ్లు అరిగాయంటారా? మా అమ్మాయి ఇక మెట్లు మానెయ్యమంటోంది.

జవాబు: అమ్మా, వణికింది తొడ, నొప్పి పట్టిందీ తొడే, మోకాలి నొప్పి అన్న మాటే మీరు రాయలేదు, కాబట్టి అరుగుదల అని ఇప్పుడే భయపడకండి. అక్కడుండే కండరం పేరు క్వాడ్రిసెప్స్, పైకి ఒకటే అనిపించినా లోపల 4 ఉంటాయి. మూడు తొడ ఎముక మీదే మొదలవుతాయి, రెక్టస్ ఫెమోరిస్ అనేది మాత్రం ఇంకా పైన నడుం కింది కటి ఎముక నుంచి వస్తుంది, అందుకే అది మోకాలు చాపడంతో పాటు తొడ పైకి లేపడానికీ పనికొస్తుంది. నాలుగూ కలిసి ఒకే టెండన్‌గా, అంటే కండరాన్ని ఎముకకి కట్టే గట్టి తాడులా, మోకాలి చిప్పని పట్టుకుని, చిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె దాకా వెళ్తాయి.

ఎక్కేటప్పుడు ఈ కండరం పొట్టిదవుతూ ఒంటిని పైకి లేపుతుంది, పిరుదుల కండరాలు కూడా సాయం వస్తాయి. దిగేటప్పుడు అలా కాదు, పై మెట్టు మీదున్న మోకాలు మెల్లగా మడవాలి, ఒంటి బరువు ఒక్కసారిగా పడిపోకుండా కండరం బిగబట్టి ఉంటూనే సాగాలి, బావిలోకి నిండు బిందె దించేటప్పుడు తాడు కొద్దికొద్దిగా వదులుతాం చూడండి, అలాగ. అలవాటు లేని కండరం ఇలా పనిచేస్తే అలసి వణుకుతుంది, లోపల సన్నగా దెబ్బతింటుంది కూడా, అందుకే నొప్పి వెంటనే కాకుండా 1-3 రోజుల్లో ముదిరి తర్వాత దానంతటదే తగ్గుతుంది.

మెట్లు మానొద్దమ్మా. వాడకపోతే ఈ కండరం చాలా తొందరగా చిక్కిపోతుంది, అప్పుడు భారం మోకాలి మీద పడుతుంది. 50 దాటిన ఆడవాళ్లని ప్రేమతోనే కూర్చోబెట్టేస్తున్నారు, నాకు అదే బాధ. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, చాలా నెమ్మదిగా కూర్చోండి, రోజూ 10 సార్లు, ఆ కూర్చోవడంలోనే దిగే మెట్టుకి కావాల్సిన బలం వస్తుంది. ఈసారి కొండ దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని మధ్యమధ్యలో ఆగండి.

మోకాలు వాచినా, నడుస్తుంటే చటుక్కున మడతపడినా, కాలు పూర్తిగా చాపలేకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. బాగా కష్టపడ్డాక మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి.