టీకా ప్రయోగంలో చేరవచ్చా?

ప్రశ్న: మా ఊరి పెద్దాసుపత్రిలో ఒక టీకా మూడో దశ ప్రయోగానికి వాలంటీర్లు కావాలంటున్నారు. నాకు ముప్పై ఏళ్లు, జబ్బులేవీ లేవు, చేరాలని ఉంది. 'నువ్వేమైనా ఎలుకవా?' అని ఇంట్లో కోప్పడుతున్నారు. ఇచ్చేది టీకానో కాదో కూడా చెప్పరట. ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే ఎన్నో సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత సంభవించిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలకపోయినా, సంతకాల వ్యవహారం పార్లమెంటరీ సంఘం దాకా వెళ్లింది. అందుకే సమ్మతి పత్రం గురించే ఎక్కువగా చెబుతాను.

దాన్ని తెలుగులో ఇమ్మని అడిగి, అక్కడికక్కడే సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకొని, కోప్పడుతున్న వారి ఎదుటే చదవండి. ఎన్నిసార్లు రావాలి, ఎంత రక్తం తీస్తారు, ఎన్నాళ్లు గమనిస్తారు, దారి ఖర్చులిస్తారా అన్నవన్నీ అందులో ఉండాలి. పరిశోధకుడి ఫోన్ నంబరుతో పాటు ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే సంఘం) నంబరు కూడా ఉండాలి. 'రేపు చెబుతాను' అంటే విసుక్కునే చోట చేరకపోవడమే మంచిది. సంతకమైన పత్రం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ప్రయోగం సీటీఆర్ఐ (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో నమోదైందో లేదో మీరే చూసుకోవచ్చు.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ప్రయోగం వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ప్రయోగం చేయిస్తున్న సంస్థ బాధ్యత. తీవ్రమైన సమస్య వస్తే పరిశోధకుడు 24 గంటల్లో పైవారికి తెలపాలి. మధ్యలో కారణం చెప్పకుండా మానుకొనే హక్కు కూడా మీకుంది.

ఇక ఇచ్చేది టీకానో కాదో చెప్పరని మీరు విన్నది నిజమే. హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్ 2020 నవంబరులో మొదలుపెట్టిన కొవాగ్జిన్ మూడో దశలో 25,800 మంది పాల్గొనగా, సగం మందికి టీకా లేని సూదే వేశారు. ఎవరికి ఏది పడిందో వేసినవారికీ తెలియదు. టీకా పనిచేస్తోందో లేదో పోల్చి చూడటానికే ఇలా చేస్తారు. కనుక సూది పడింది కదా అని జాగ్రత్తలు మానకండి. పాత జబ్బులు, వాడే మందులు దాచకండి. సూది తర్వాత డైరీ కార్డు ఇస్తే జ్వరం, వాపు ఏరోజుకారోజు రాయండి.