రూషియాంగ్ అంటే మన పూజ సాంబ్రాణి కాదు, దాన్ని కాచి తాగించకండి

నమస్తే అండీ. చైనాలో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడు అమ్మగారి మోకాళ్ల నొప్పికని 'రూషియాంగ్' (చైనా వైద్యంలో వాడే ఒక చెట్టు బంక) ప్యాకెట్ పంపాడని, వాసన అచ్చం సాంబ్రాణిలా ఉందని రాశారు. అది అయిపోతే ఇక్కడ పూజ సామాన్ల కొట్లో దొరికే సాంబ్రాణినే కాచి ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వకండి. ఆ ప్యాకెట్‌లోది కూడా కింద రాసింది చదివాకే మొదలుపెట్టండి. ఈ విషయంలో నేను స్వయంగా ఒక రాత్రంతా బాధపడ్డాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను చైనాలోని నాన్‌జింగ్‌లో ఎంబీబీఎస్ చదివాను. మూడో ఏడు చలికాలంలో హాస్టల్ మెట్ల మీద మంచుకి జారి చీలమండ బెణికింది. ఎక్స్‌రే చూసి ఎముక ఏమీ విరగలేదన్నారు కానీ రెండు వారాలైనా వాపు పూర్తిగా తగ్గలేదు. క్లాస్‌మేట్ ఒకమ్మాయి నన్ను మూలికల కొట్టుకి తీసుకెళ్లింది. గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు. అక్కడి పెద్దాయన రెండు సొరుగుల్లోంచి రెండు రకాల బంకలు తీసి, పొడి కొట్టి, వెనిగర్‌తో కలిపి పైన పట్టు వేయమన్నాడు. ఒకటి రూషియాంగ్, రెండోది మోయావో, అంటే బోళం. చైనా వైద్యంలో దెబ్బలకీ వాపులకీ ఈ రెండూ దాదాపు ఎప్పుడూ జంటగానే వాడతారు. గదికొచ్చి పొట్లం విప్పగానే కార్తీక మాసంలో మా ఇంటి వాసన. ఇంటి మీద బెంగతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

పట్టు వేశాక నాలుగైదు రోజుల్లో నొప్పి తగ్గింది. అది మందు గొప్పతనమేనని మాత్రం చెప్పలేను. బెణుకు విశ్రాంతితో కూడా తగ్గుతుంది.

తప్పు ఆ తర్వాత చేశాను. పైన రాస్తేనే ఇంత బాగుంటే లోపలికి తీసుకుంటే ఇంకా బాగుంటుంది కదా అని, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన పచ్చి రూషియాంగ్ తెప్పించి కషాయంలా కాచి తాగాను. గంట తిరగకుండానే కడుపులో తిప్పడం, మంట, వాంతులు. తెల్లవారేదాకా అదే పని. గిన్నెకి అంటుకున్న జిగురు ఎంత తోమినా పోలేదు. తర్వాత మా సంప్రదాయ వైద్యం క్లాసు తీసుకునే మేడమ్‌కి చెబితే ఆవిడ మొదట అడిగిన మాట, "పచ్చిదా, వెనిగర్‌తో వేయించిందా?"

అసలు విషయం అక్కడే ఉంది. పచ్చి రూషియాంగ్ కడుపుని బాగా రేపుతుంది, అందుకే దాన్ని ఎక్కువగా పైపూతకే వాడతారు. లోపలికి ఇచ్చేదాన్ని శుద్ధి చేస్తారు. ప్రాక్టికల్‌లో మేడమ్ చేసి చూపించారు. ఇనప మూకుడులో సన్నని సెగ మీద పలుకులు వేయిస్తే కాసేపటికి అంచులు కరిగి పైన నిగనిగలాడతాయి. అప్పుడు వెనిగర్ చిలకరించి, ఇంకొంచెం వేయించి, పరిచి ఆరబెట్టాలి. వంద కిలోలకి ఐదు కిలోల వెనిగర్ అని లెక్క. గది నిండా పొగ, కిటికీలన్నీ తెరిచాం. ఆ వేడికి ఘాటైన నూనె కొంత ఎగిరిపోతుంది, కడుపుకి పడని గుణం తగ్గుతుంది. అలా శుద్ధి చేసినదైనా రోజుకి 3 నుంచి 5 గ్రాములకి మించి రాయరు. జీర్ణశక్తి బలహీనంగా ఉన్నవాళ్లకి జాగ్రత్తగా ఇస్తారు. గర్భిణులకైతే వద్దనే చెబుతారు.

మీ ప్యాకెట్ మీద పేరుకి ముందు 'షెంగ్' అనే అక్షరం ఉంటే పచ్చిది, 'త్సు' అని ఉంటే వెనిగర్‌తో శుద్ధి చేసినది. తమ్ముడికి ఫొటో పంపి అడగండి.

ఇక మన సాంబ్రాణి సంగతి. రూషియాంగ్ అంటే 'పాల సుగంధం' అని అర్థం. చెట్టు బెరడు చెక్కితే పాలచుక్కల్లా కారి గట్టిపడుతుంది. ఆ చెట్లు చైనావి కావు. ఒమన్‌లోని ధోఫార్, యెమెన్, సోమాలియా, ఇథియోపియా ప్రాంతాల్లో పెరిగే బోస్వెల్లియా అనే జాతి చెట్లు. వందల ఏళ్లుగా ఓడల్లో చైనాకి వచ్చిన సరుకు ఇది. సెలవుల్లో చైనా రేవు పట్టణం చువాన్‌జౌ వెళ్లినప్పుడు, 1974లో బురదలోంచి తవ్వి తీసిన సోంగ్ రాజవంశం కాలం నాటి ఓడని అక్కడి కైయువాన్ బౌద్ధ గుడి ఆవరణలో చూశాను. అందులో దొరికిన సరుకులో సుగంధపు చెక్కలతో పాటు ఈ బంక కూడా ఉంది. (అదే గుడి స్తంభాల మీద నరసింహస్వామి శిల్పం కూడా ఉంది. ఆ స్తంభాలు ఒకప్పుడు అక్కడ స్థిరపడిన దక్షిణ భారత వర్తకుల గుడి నుంచి వచ్చినవి. ఆ శిల్పం ముందు నుంచి నాకు కదలాలనిపించలేదు.)

మన కొట్లలో సాంబ్రాణి పేరుతో అమ్మేది చాలావరకు వేరే చెట్టు బంక. అది సుమత్రా వైపు నుంచి వస్తుంది, వాసనలో కొంచెం వెనిలా తీపి ఉంటుంది. దాని చుట్టమైన బంక చైనా మందుల కొట్లోనూ ఉంది కానీ వేరే సొరుగులో, 'అన్‌షీషియాంగ్' అనే పేరుతో. దాన్ని స్పృహ తప్పినప్పుడు వాడే మందుల్లో కలుపుతారు, మోకాళ్ల నొప్పికి కాదు. కప్పు సాంబ్రాణి అయితే అందులో బొగ్గుపొడి, సెంటు కూడా ఉంటాయి. దయచేసి దాన్ని నోటి దగ్గరికే రానివ్వకండి.

తేడా తెలుసుకోవడానికి మాకు నేర్పిన పద్ధతి సులువు. చిన్న పలుకుని రాతి మీద నీళ్లు చిలకరించి నూరండి. రూషియాంగ్ అయితే తెల్లగా పాలలా వస్తుంది. బోళం అయితే పసుపూ గోధుమ రంగూ కలిసిన పాలు. ఇంటికొచ్చాక పూజ గదిలోని సాంబ్రాణిని అలాగే నూరి చూశాను, గరుకు పొడిగానే ఉండిపోయింది.

రూషియాంగ్‌కి మన దగ్గర నిజమైన బంధువు అందుగు చెట్టు, ఆయుర్వేదంలో శల్లకి అంటారు. శేషాచలం కొండల్లో పెరిగే ఇంకో బోస్వెల్లియా కూడా ఉంది, దాన్ని కొండ సాంబ్రాణి అంటారు. అది అరుదైన చెట్టు, దాని బంక ఎవరైనా అమ్మజూపినా కొనకండి. శల్లకి సారంతో మోకాళ్ల అరుగుదల మీద కొన్ని చిన్న పరీక్షలు జరిగాయి, నొప్పి కొంత తగ్గినట్టు కనిపించింది. అయితే అవి కొలత ప్రకారం తయారైన మాత్రలు. అందులో పనిచేస్తాయనుకునే బోస్వెల్లిక్ ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు, కొవ్వున్న భోజనంతో బాగా ఒంటపడతాయి. కాబట్టి బంకని నీళ్లలో కాచి తాగితే కడుపుకి బాధే మిగలొచ్చు. అమ్మగారికి ఇవ్వాలనే ఉంటే ఈ మాత్రల గురించి డాక్టర్ని అడగడం మంచి దారి.

తమ్ముడు ఇంకేదైనా పంపుతానంటే ఒక మాట. దెబ్బలకి పేరున్న 'చీలీసాన్' పొడిలో రూషియాంగ్, బోళం, మన తాంబూలంలో వేసే కాచు కూడా ఉంటాయి. వాటితో పాటు పాదరసం ఉన్న ఇంగిలీకం కూడా ఉంటుంది. పేరు బాగా వినిపిస్తోందని తెప్పించకండి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు రూషియాంగ్ జోలికి వెళ్లకూడదు. అమ్మగారికి గుండె మందులు ఏమైనా ఉన్నాయా? గ్యాస్ట్రిక్ ఇబ్బంది ఉందా? అవి రాసి, ప్యాకెట్ ఫొటో కూడా పెట్టండి. అక్షరాలు చదివి చెబుతాను.