పోర్షే 944 టైమింగ్ బెల్ట్ ఇంకో ఏడాది ఆగొచ్చా?

టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వుల కదలికను జత చేసే రబ్బరు పట్టీ) మార్చి 10 ఏళ్లయినా బండి 8,000 మైళ్లే తిరిగింది కదా, ఇంకో ఏడాది ఆగొచ్చా అని అడిగారు. ఆగకండి. బండి షెడ్డులో ఊరికే ఉన్నా రబ్బరు పాడవుతూనే ఉంటుంది. మీ 1986 పోర్షే 944ది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్. బెల్ట్ తెగిందంటే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి, ఇక ఇంజన్ పైభాగం (హెడ్) విప్పాల్సిందే. అందుకే చాలామంది 4 ఏళ్లకో 30,000 మైళ్లకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చేస్తారు.

ఇంజన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌లను తిప్పే బెల్ట్‌ను కూడా వదలకండి. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, తెగితే ఆ ముక్కలు టైమింగ్ బెల్ట్‌లో ఇరుక్కోవచ్చు. కవర్ తీశాక టార్చ్ వేసి చూడండి. బెల్ట్ అంచున ఆయిల్ తడి ఉంటే ఇంజన్ ముందువైపు ఆయిల్ సీల్స్ కారుతున్నట్టే, అవి మార్చకుండా కొత్త బెల్ట్ వేయడం డబ్బు దండగ. బెల్ట్ ఆనుకుని తిరిగే రోలర్‌ను వేలితో తిప్పితే గరగరమంటోందా, అదీ మార్చాలి. వాటర్ పంప్‌ను తిప్పేదీ టైమింగ్ బెల్టే. పంప్ వయసు తెలియకపోతే పనిలో పనిగా మార్పించేయండి, కూలీ కలిసొస్తుంది.

మీ మోడల్‌కు బెల్ట్ బిగువు సరిచేసే స్ప్రింగ్ టెన్షనర్ లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి టెన్షన్ (బిగువు) సెట్ చేయించండి. కొత్త బెల్ట్ కాస్త సాగుతుంది కాబట్టి 2,000 మైళ్ల లోపు మళ్లీ చూపించాలి. మెకానిక్ "చేత్తో నొక్కి చూశాలెండి, బానే ఉంది" అంటే ఇంకొకరిని వెతుక్కోండి.